నూట పాతికకు ఒక మాట

“సంతకం పెట్టమ్మా, మిషను ఖాళీగా ఉంది,” అన్నాడు ప్రెస్సు యజమాని.

“పెట్టలేనండీ. ప్రూఫు చూసేది నేను. తప్పు పడితే నా ఉద్యోగమే ఊడుతుంది.”

ఎదురుగా కూర్చున్న హెడ్మాస్టరు ఆహ్వానపత్రం లాక్కున్నారు. “సెస్క్విసెంటెన్నియల్,” అని తడుముకోకుండా చదివారు. “ఇందులో తప్పేముంది?”

“అది నూట యాభై ఏళ్లకు వాడే మాట సార్. మీ బడికి నూట పాతికే.”

“మరి నూట పాతికకు?”

“క్వాస్క్విసెంటెన్నియల్.”

ఆయన మూడుసార్లు అనబోయి, మూడుసార్లూ మధ్యలో ఆగిపోయారు.

“వద్దు. పాతదే ఉంచు.”

“తెలిసి తెలిసి తప్పెలా వేయమంటారు సార్!” నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

ఆయన తల దించుకున్నారు. “నాలుగు రోజులుగా అద్దం ముందు నిలబడి దాన్నే నేర్చుకున్నానమ్మా. పాత విద్యార్థులంతా వస్తారు. ఎంతెంత చదువులు చదివారో. నాకేమో ఇంగ్లీషంటే మొదట్నుంచీ భయం.”

నా విసుగు ఎటు పోయిందో. ఆ మాట కొట్టేసి, పైన ‘నూట పాతికేళ్ల పండుగ’ అని రాసి ఆయన ముందు పెట్టాను.

ఆయన లేచి నిలబడి, హాజరు పిలిచే గొంతుతో చదివారు. మిషను దగ్గరున్నవాళ్లు తొంగిచూశారు.

నేను సంతకం పెట్టాను.