నాలుగో లడ్డూ

అనురాధమ్మ అరవై ఏళ్లుగా దేవుణ్ణి ఒకటే అడుగుతోంది. "స్వామీ, నన్ను తప్పించడానికి మూడు ప్రాణాలు తీశావా?"

ఆవిడ ఒక చిన్న సంస్థానంలో రాకుమారి. కోట గడప దాటనివ్వకుండా పెంచారు. ఎనిమిదో ఏట, పదో ఏట, పన్నెండో ఏట నిశ్చితార్థాలు పెట్టారు. మూడుసార్లూ తాంబూలాలు మార్చుకోబోయే వేళకి, ఎక్కడో దూరాన ఒక దాయాది పోయాడని టెలిగ్రాం వచ్చింది. మైలలో శుభకార్యం చేయరు. శకునం బాలేదని వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. పెదనాన్న కొడుకు శశికాంత్ మాత్రం ప్రతిసారీ చెవిలో గొణిగేవాడు, "రాకుమారీ, లడ్డూ దక్కలేదు. నాకు బాకీ ఉన్నావు." నాలుగో సంబంధం రాలేదు. ఆవిడ చదువుకుని లెక్కల టీచరైంది.

ఈ శనివారం ఉదయం అమెరికాలోని హెర్న్‌డన్‌లో, తమ్ముడి కొడుకు దివాకర్ ఇంట్లో మళ్లీ లడ్డూలు పేర్చారు. కింద హాల్లో పెళ్లికొడుకు వాళ్లు కూర్చున్నారు. పంతులుగారు తాంబూలం పళ్లెం సర్దుతున్నారు. పై గదిలో దివాకర్ కూతురు నిధి పట్టుచీర కట్టుకుని గోడకేసి చూస్తోంది.

"నీకిష్టమేనా తల్లీ?"

"నో అని త్రీ టైమ్స్ చెప్పాను బామ్మా. డాడీ టూ డేస్ ఏమీ తినలేదు. సో, ఓకే అన్నా."

"ఇంకెవరికైనా చెప్పావా?"

"శశి తాతకి. నిన్న కాల్ చేశా. నవ్వి పెట్టేశారు."

శశికాంత్ ఇప్పుడు అమెరికాలోనే, దూరంగా ఫార్మింగ్టన్ హిల్స్‌లో కొడుకు దగ్గరుంటున్నాడు. ఎనభై దాటినా వెటకారం తగ్గలేదు.

అనురాధమ్మ మెల్లగా మెట్లు దిగి, దివాకర్‌ని వంటింట్లోకి పిలిచింది.

"పిల్లకి మనసు లేదురా."

"ఓకే అంది కదత్తా."

"తండ్రి అన్నం మానేస్తే ఎవరైనా అంటారు."

"హాల్లో కూర్చున్న గోపాల్‌కి మాటిచ్చాను. మన ఇంట్లో మాట వెనక్కి తీసుకోవడం ఉందా? నువ్వే చెప్పు."

అచ్చంగా ఇదే మాట, అనురాధమ్మ నాన్నగారు మూడుసార్లు అన్నారు. అప్పుడూ ఆవిడ దేవుడికే మొక్కుకుంది. ఇప్పుడూ అంతే. దేవుడి గదిలోకెళ్లి చేతులు జోడించింది.

"స్వామీ, పిల్లని విడిపించు. కానీ ఎవరి ప్రాణమూ తీయకు."

హాల్లో దివాకర్ ఫోన్ మోగింది. చేతులకి పసుపు ఉందని, స్పీకర్‌లో పెట్టాడు.

"ఫార్మింగ్టన్ హిల్స్ నుంచండి. శశికాంత్ గారి పక్కింటివాళ్లం. ఆయన తెల్లవారుజామున పోయారు." జలుబు చేసిన ముసలి గొంతు.

పంతులుగారు పళ్లెంలోంచి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "దాయాది మైలండి. ఇవాళ కుదరదు."

పెళ్లికొడుకు తల్లి రేణు, భర్త గోపాల్ మోచెయ్యి పట్టుకుని లేపింది. "తాంబూలాల దగ్గర చావు కబురేమిటండీ. మనకొద్దీ సంబంధం. పదండి."

అనురాధమ్మ దేవుడి గది గుమ్మంలో కూలబడింది. నాలుగో ప్రాణం. ఈసారి తనే అడిగింది.

ఫోన్ ఇంకా పెట్టెయ్యలేదు. అవతలి గొంతు దగ్గి, "ఇంకో మాటండి. మీ ఇంట్లో రాకుమారి గారు ఆయనకి మూడు లడ్డూలు బాకీ అట. పోయేముందు అదే కలవరింత," అంది.

దివాకర్ కళ్లు తుడుచుకున్నాడు. "అదేం బాకీ అత్తా? సరేలే, ముందు ఫ్లైట్ బుక్ చేస్తాను."

"కంగారేం లేదు. సాయంత్రం అన్నీ నేను చెప్తాను."

ఆవిడ లేచి పటం వైపు తిరిగింది. "నిన్ను అనవసరంగా అనుమానించాను స్వామీ. ఆ టెలిగ్రాంలూ వాడి పనే," అని లెంపలేసుకుంది. తర్వాత వంటింట్లోకెళ్లి, ఒక డబ్బాలో మూడు లడ్డూలు పెట్టి, కాసేపాలోచించి నాలుగోది కూడా పెట్టి, పైన చనిపోయినవాడి పేరూ అడ్రసూ రాసింది.