శ్రమదానం రిజిస్టరు

ఇరవై రెండు సంతకాలు. అదీ ఒక్క రోజుకి.

తనిఖీ అధికారి కళ్లజోడు సవరించుకుని పేజీ తిప్పాడు. మర్నాడూ ఇరవై రెండే. ఆ మర్నాడూ అంతే. ఏడాది పొడుగునా, ఎండనక వాననక, కాలనీలోని ఇరవై ఇద్దరు పెద్దమనుషులు పొద్దున్నే పార్కుకొచ్చి, శ్రమదానం చేసి, ఎవరి గడిలో వాళ్లు సంతకం పెట్టి వెళ్లారు.

“మన పార్కు, మన బాధ్యత సార్. ప్రతిదానికీ ప్రభుత్వం మీద పడితే ఎలా చెప్పండి?” అన్నాడు పార్కు కమిటీ అధ్యక్షుడు. తెల్ల టోపీ, తెల్ల బూట్లు. ఆ బూట్లకి పార్కులో గడ్డితో ఇంకా పరిచయమైనట్టు లేదు.

వాళ్లు కూర్చున్న గది ఒకప్పుడు పారలూ కత్తెరలూ పెట్టుకునే గది. కమిటీ వచ్చాక పారలు బయట నీళ్లట్యాంకు కిందికి వెళ్లాయి, లోపలికి సోఫా, గోడ మీదికి రెండు షీల్డులు వచ్చాయి. మూడో షీల్డుకి మేకు కూడా కొట్టి ఉంచారు. ‘ఉత్తమ ప్రజా భాగస్వామ్య పార్కు’ బహుమతి ఈ నెలలోనే ప్రకటిస్తారు.

అధికారి గొడవ వేరు. నగరంలో తోటమాలులు ఎక్కువైపోయారని పైవాళ్లకి హఠాత్తుగా జ్ఞానోదయమైంది. నెలాఖరులోగా ఒకణ్ని తీసెయ్యమన్నారు. ఎవణ్ని తీసేస్తే ఏ పార్కు ఎండిపోయి తన మెడకి చుట్టుకుంటుందోనని వారం నుంచి ఆయనకి నిద్రలేదు. ఈ రిజిస్టరు చూడగానే ప్రాణం లేచొచ్చింది.

అలాగని ఊరికే నమ్మేసే మనిషి కాదు.

“ముప్ఫై ఏళ్లుగా సంతకాలే చూస్తున్నానండీ. దొంగ సంతకమైతే పేజీ తిప్పకముందే వాసన పట్టేస్తాను” అన్నాడు.

అధ్యక్షుడు మంచినీళ్లు తాగాడు.

అధికారి ఒక్కో గడీ వేలుపెట్టి చూశాడు. పళ్ల డాక్టరుది మందుల చీటీలాగే ఉంది, ఒక్క అక్షరం తెలిస్తే ఒట్టు. రిటైరైన హెడ్మాస్టరమ్మది గుండ్రంగా, పొందిగ్గా ఉంది. కల్నల్‌ది నిటారుగా ఉండి, కింద రెండు గీతలు. లాయరుగారిది పక్కవాళ్ల గడిలోకి చొరబడింది. పుస్తకం మొదట్లో ఎలా ఉన్నాయో చివర్లోనూ అలాగే ఉన్నాయి. ప్రతి పేజీలోనూ మట్టివేళ్ల మరకలు.

“పని చేసిన చేతుల్తోనే సంతకాలు పెట్టేస్తున్నారన్నమాట! అంకితభావమంటే ఇదండీ.” అధికారి నిజంగానే కదిలిపోయాడు.

కిటికీలోంచి చూస్తే ఇవాళ్టి సభ్యులు ఏడుగురు కనిపించారు. పళ్ల డాక్టరు చీపురు తిరగేసి పట్టుకుని ఆలోచిస్తున్నాడు. కల్నల్ ఒక మొక్కకి నీళ్లు పోస్తూ ఫొటో దిగాడు. సరిగ్గా రాలేదని మళ్లీ పోశాడు. మూడో ఫొటోకి మొక్క పక్కకి ఒరిగిపోయింది.

“పోటీలు పడి చేస్తున్నారే!” అని అధికారి మురిసిపోయి, తోటమాలిని పిలిపించాడు.

వచ్చినవాడికి మోకాళ్ల దాకా బురద. పదకొండేళ్లుగా ఇక్కడే పని.

“ఏమయ్యా, నువ్వేం చేస్తుంటావిక్కడ?”

“అన్నీ నేనే సార్. ఊడవడం, నీళ్లు పెట్టడం, కలుపు తియ్యడం, కొమ్మలు కత్తిరించడం. ఐదింటికొస్తే చీకటిపడేదాకా ఇక్కడే.”

“అన్నీ నువ్వే చేస్తే ఈ ఇరవై ఇద్దరూ ఏం చేస్తున్నట్టు?”

తోటమాలి అధ్యక్షుడి వైపు చూశాడు. అధ్యక్షుడు గోడకి కొట్టిన మేకు వైపు చూశాడు.

“మాట్లాడవేం? ఏడాది పుస్తకం ఇది. ఇందులో నీ పేరు ఒక్కచోటుందా?”

“నా పేరైతే లేదు సార్.”

“మరి? పెద్దవాళ్లు ఒళ్లొంచి చేసిన పని నీ ఖాతాలో వేసుకోడానికి సిగ్గులేదూ?”

తోటమాలికి విషయం అర్థమైంది.

“సార్, ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు. ఈ పని పోతే రోడ్డున పడతాం. అయ్యగారూ, మీరైనా ఒక్క మాట చెప్పండి.”

ఒక్క మాట చాలు. అధ్యక్షుడికి అది తెలుసు. ఆ మాట బయటికొస్తే మేకు ఖాళీగా మిగిలిపోతుందనీ తెలుసు.

“మంచివాడే సార్. ఏం చెప్పినా ఎదురు చెప్పకుండా చేస్తాడు, పాపం. కానీ రూలు రూలే కదా” అన్నాడు ఎంతో బాధగా.

తోటమాలి ఆయన్ని ఓసారి చూశాడు. తర్వాత ఏమీ బతిమాలలేదు.

అధికారి ‘ఈ పార్కుకి తోటమాలి అవసరం లేదు, ప్రజలే కంటికి రెప్పలా చూసుకుంటున్నారు’ అని నివేదికలో రాసుకున్నాడు. సంచీలోంచి ఖాళీ ఉత్తర్వు తీసి, తోటమాలి పేరు నింపి బల్ల మీద పెట్టాడు.

“ఒకటో తారీఖు నుంచి రానక్కర్లేదు. కాగితం ముట్టినట్టు కింద సంతకం పెట్టు.”

తోటమాలి మట్టిచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. పెన్ను అందుకుని కాగితం మీదికి వంగాడు. వంగినవాడల్లా ఆగి, అధ్యక్షుడి వైపు తలెత్తి చాలా వినయంగా అడిగాడు:

“ఇక్కడ ఎవరి సంతకం పెట్టమంటారండీ, డాక్టరుగారిదా, కల్నల్‌గారిదా, ఈ ఒక్కసారికీ నాదేనా?”