ఎర్ర పెన్సిలు

యుద్ధం కాగానే రష్యావాళ్లు మా జర్మన్ ఇంజనీర్లను క్షిపణుల పనికి పట్టుకుపోయారు. నా మిత్రుడు ఎక్‌హార్ట్‌ను ఎంచుకున్నారు, నన్ను వదిలేశారు. నేను ఏడేళ్లు పాలక్యాన్ల మూతలకు డ్రాయింగులు గీశాను.

అతను తిరిగొచ్చాడు. అతణ్ణి విచారించి రష్యా క్షిపణుల మీద అంచనా రాయమని అమెరికన్లు నాకు పనిచ్చారు. "బాగా వెనకబడ్డారు" అని ముందే రాసి పెట్టుకున్నాను.

"వాళ్ల క్షిపణులన్నీ నీ చలవేగా, దొరా," అన్నాను కడుపుమంటతో.

"మా డ్రాయింగులు పట్టుకెళ్లేవాళ్లు, ఏం చేశారో చెప్పేవాళ్లు కాదు. పోయినేడు ఒక్కటి తిరిగొచ్చిందిరా. ఎవడో రష్యన్ కుర్రాడు ఎర్ర పెన్సిలుతో దిద్దాడు."

నవ్వాను. "నీ డ్రాయింగునా? దిద్దడంలో ఎన్ని తప్పులు చేశాడేం?"

"ఒక్కటీ చెయ్యలేదు. ఆ వారమే మమ్మల్ని ఇంటికి పొమ్మన్నారు."

రాసింది కొట్టేశాను. కాగితం చిరిగింది.