ఊదా గీతలు

“ఇంక కరెంటు పెట్టేది లేదు. నొప్పికి ఈ మందు తాగితే చాలు. గీతలు కడిగేసుకోవచ్చు,” అన్నాడు పెద్దాసుపత్రి డాక్టరు.

ఊపిరితిత్తుల్లోని క్యాన్సరుకు రేడియేషన్ కరెంటు ఎక్కడ పెట్టాలో గుర్తుగా ఛాతీ మీద ఊదా సిరాతో గీసిన గీతలవి. ఇన్నాళ్ళూ వాటిమీద నీళ్ళు పడనివ్వలేదు. టైలరు ముద్దుకృష్ణ చొక్కా గుండీలు పెట్టుకుని పుంగనూరు బస్సెక్కాడు.

ఇంటికి రాగానే అమరావతి నీళ్ళు కాచింది. మొగుడు కుట్టిన చొక్కాలకు కాజాలు వేసేది ఆమే.

“యాల అట్లుండావు? మనం గుడ్డమీద సుద్దగీత ఎప్పుడు తుడుస్తాం? కుట్టేది అయిపోయినాకే గదా!”

“అవును,” అన్నాడు. కుట్టొద్దని గుడ్డ వెనక్కి అడిగినా తుడుస్తామని అతను చెప్పలేదు.

ఆమె సబ్బు రుద్దుతుంటే నురగ ఊదాగా కారుతోంది. అది ఇంకెవరి ఒంటిమీదో అన్నట్టు చూస్తూ కూర్చున్నాడు.

చివరి గీత దగ్గర ఆమె చెయ్యి ఆగింది. సబ్బు పక్కన పెట్టి, ఆ గీత తడవకుండా చుట్టూ తుడిచింది.

“ఇదొక్కటి ఉండనీ,” అంది తల ఎత్తకుండా. “వాళ్ళు మళ్ళీ కుడతామంటే, యాడ కుట్టాలో తెలియాల గదా.”