ముక్కూ మొహం తెలియనాయన

"అది నా కుర్చీ బాబూ."

చెవి, ముక్కు, గొంతు డాక్టరు గది బయట కూర్చున్నతను తలెత్తి చూశాడు. ఫ్యాక్టరీలో అందరూ అతన్ని చిన్న ముక్కు అంటారు. ఎదురుగా చంకలో గొడుగుతో ఒక పెద్దాయన.

"కుర్చీ మీద పేరు రాసుందా?"

"రాసుకోవాల్సింది. అప్పట్లో తోచలేదు," అని నవ్వి, పెద్దాయన పక్క కుర్చీలో సర్దుకున్నాడు.

చిన్న ముక్కు అంత మొరటువాడేం కాదు. అప్పుడే డాక్టరు గదిలోంచి బయటపడ్డాడు, అదీ సంగతి.

"ముక్కులో కండ పెరిగింది. పాలిప్స్ అంటారు. ప్రమాదమేం లేదు. కానీ ఎనిమిది నెలలు స్ప్రే కొట్టినా తగ్గలేదంటే ఆపరేషన్ గురించి ఆలోచించాలి. స్కాన్ తీయించుకు రండి," అన్నాడు డాక్టరు.

ఇంకెవరైనా అయితే ఆపరేషన్‌కి భయపడేవారు. ఇతని భయం వేరు. సబ్బుల ఫ్యాక్టరీలో ఇతను వాసన చూసి సరేనంటేనే సరుకు ప్యాకింగ్‌కి వెళుతుంది. ముక్కే బతుకుతెరువు. ఆ ముక్కుకి నాలుగు నెలలుగా ఏ వాసనా తెలియడం లేదు.

పక్క బల్ల దగ్గర ప్యాకింగ్ చేసే ఆమె మొహం చిట్లిస్తే సరుకు వెనక్కి పంపుతున్నాడు, చిట్లించకపోతే పాస్ చేస్తున్నాడు. ఎన్నాళ్ళు సాగుతుంది? సెలవు పెడితే ఎందుకని అడుగుతారు. విషయం బయటపడితే ఉద్యోగం ఊడుతుంది.

ఫ్యాక్టరీలో అతనికా పేరు ఊరికే రాలేదు. అంతకుముందు ఆ పని చేసినాయన్ని పెద్ద ముక్కు అనేవారట. ఎక్కువ జీతం ఎక్కడో దొరికి ఎగిరిపోయాడని చెప్పుకుంటారు. అతను వదిలి వెళ్ళింది ఒక కుర్చీ, ఒక నోటుపుస్తకం. ఇతను ఆ కుర్చీలో కూర్చుని, ఆ పుస్తకం చూసే పని నేర్చుకున్నాడు. పదకొండేళ్ళయింది.

"స్ప్రే ఎలా కొడుతున్నారు? ఓసారి చూపించండి," అన్నాడు పెద్దాయన.

"మీరు డాక్టరా?"

"కాదు."

"కాంపౌండరా?"

"కాదు."

"మరి?"

"ముక్కు పోయినవాణ్ణి. మూడుసార్లు కండ తీశారు. తీసేశారు కదా అని ప్రతిసారీ స్ప్రే మానేశాను. ప్రతిసారీ మళ్ళీ మొలిచింది. ఇప్పుడు అత్తరైనా మురిక్కాలవైనా నాకొకటే."

వదిలేలా లేడని చిన్న ముక్కు తల వెనక్కి వాల్చి, స్ప్రే కొట్టి, గట్టిగా ఎగబీల్చాడు.

"ఆగండాగండి. మీది వాసన చూసే ఉద్యోగమా?"

చిన్న ముక్కు ఉలిక్కిపడ్డాడు. "మీకెలా తెలుసు?"

"అంత బలంగా పీల్చేది వాళ్ళే. మందంతా గొంతులోకి పోతోంది. ఎనిమిది నెలలుగా మీరు దాన్ని తాగుతున్నారు. ఎక్కడ పని?"

"సబ్బుల ఫ్యాక్టరీ."

పెద్దాయన గొడుగు తీసి ఒళ్ళో పెట్టుకుని, అతన్ని ఇంకోసారి తేరిపార చూశాడు.

"అక్కడ చెప్పారా?"

"చెబితే ఉంచుతారా?"

"ఉంచరు," అన్నాడు పెద్దాయన. జేబులోంచి చీటీ తీసి, ఏదో రాసి చేతిలో పెట్టాడు.

ఉచిత సలహా అనుకుని, చిన్న ముక్కు దాన్ని చూడకుండానే చొక్కా జేబులో కుక్కేశాడు.

బట్టలు నానబెట్టబోతూ అతని భార్య ఆ చీటీ తీసి చదివింది.

"ముందు ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోవాలట. తల కొంచెం కిందికి వంచాలట. కుడి ముక్కుకి ఎడమ చెయ్యి, ఎడమ ముక్కుకి కుడి చెయ్యి. మధ్య గోడ మీద కాకుండా చెవి వైపు కొట్టాలట. మెల్లగా పీల్చాలట. ఎవరిచ్చారండీ?"

"ఎవరో. ముక్కూ మొహం తెలియనాయన."

"ముక్కూ మొహం తెలియనాయనకి మీ ముక్కు గురించి మీకంటే బాగా తెలుసే."

ఆమె అక్కడితో ఆగలేదు. డాక్టరుకే ఫోన్ చేసి అడిగింది. అదే సరైన పద్ధతి, రెండు నెలలు అలా చేసి చూద్దాం, అప్పుడు ఆపరేషన్ మాట అన్నాడాయన. ఇక పొద్దునా సాయంత్రం ఆమె చీటీ పట్టుకుని పక్కనే కాపలా.

ఏడో వారంలో ఒక ఉదయం చిన్న ముక్కు పేపరు చదువుతూ చదువుతూ తలెత్తాడు.

"పాలు మాడుతున్నాయి."

భార్య వంటింట్లోకి పరిగెత్తింది. మాడిన గిన్నెతో తిరిగొచ్చింది. కళ్ళనిండా నీళ్ళు.

"మాడితే మాడాయి లెండి," అంది.

రెండు నెలలు నిండాక డాక్టరు ముక్కులో గొట్టం పెట్టి చూశాడు. "బాగా తగ్గింది. ప్రస్తుతానికి ఆపరేషన్ అక్కర్లేదు. స్ప్రే మాత్రం మానకండి."

పెద్దాయనకి చెప్పాలని చిన్న ముక్కు గబగబా బయటికి వచ్చాడు. కుర్చీ ఖాళీగా ఉంది. ఈసారి అందులో కూర్చోవడానికి మనసొప్పలేదు.

"ఇక్కడ కూర్చునే పెద్దాయన రాలేదా సిస్టర్?"

"స్ప్రే తాతయ్యా? పోయారండీ, మూడు వారాలైంది. నిద్రలోనే." నర్సు కుర్చీ వైపు చూసింది. "ఆయనకి ఇక్కడ వైద్యమేం మిగల్లేదు. అయినా ప్రతి మంగళవారం వచ్చేవారు, మీలాంటివాళ్ళకి నేర్పడానికి."

"ఏం పని చేసేవారో?"

"అడిగితే నవ్వేవారు."

థాంక్స్ అన్న ఒక్క ముక్క కూడా చెప్పలేదే అని చిన్న ముక్కు ఆ రోజంతా బాధపడ్డాడు.

మర్నాడు భార్య దగ్గర చీటీ అడిగి తీసుకున్నాడు. భద్రంగా ఉంటుందని ఫ్యాక్టరీలో పెద్ద ముక్కు వదిలి వెళ్ళిన నోటుపుస్తకం తెరిచి అందులో పెట్టబోయాడు. అప్పుడు మొదటిసారి దాన్ని తన కళ్ళతో చదివాడు.

చీటీలో 'మెల్లగా' అన్న మాట కింద రెండు గీతలున్నాయి.

నోటుపుస్తకంలో ప్రతి పేజీ అడుగునా అదే మాట, అదే వంకర రాత, అవే రెండు గీతలు. నూనెలు మెల్లగా కలపమని కాబోలు అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

ఆసుపత్రిలో ఆ కాసేపే కాదు, పదకొండేళ్ళుగా తను కూర్చుంటున్నది ఆ పెద్దాయన కుర్చీలోనే.