ఏలూరు మీద ఒక్క జల్లు

“స్టేజీ చెక్కలు గట్టివేనటే?” జడకుప్పెలు సంచిలో పెడుతూ అడిగింది చంద్రకళ.

“ఎన్నిసార్లమ్మా?” ఉషశ్రీ ఇత్తడి పళ్ళేన్ని తువ్వాల్లో చుడుతోంది. “చెక్కలు గట్టివే. వైర్లూ గట్టివే. మైకువాడు కూడా గట్టివాడే.”

“వేళాకోళం కాదే. మొన్న ఫోన్లో చూశాను, ఎక్కడో స్టేజీ కూలి...”

“నాన్నా, అమ్మ ఫోన్ కాస్త దాచెయ్యి.”

ఆ సాయంత్రం ఏలూరులో వేసవి సంబరాలు. ఆరుబయట స్టేజీ, కేబుల్ టీవీలో లైవు. నెత్తిన నీళ్ళ చెంబుతో, పళ్ళెం అంచుల మీద నిలబడి ఉషశ్రీ కూచిపూడి చెయ్యాలి. పేపరు జిల్లా పేజీలో దాని ఫోటో కూడా వేశారు. ఆ ఫోటో చూసిన దగ్గర్నుంచీ చంద్రకళకి అన్నం సయించడం లేదు. రిహార్సల్లో పళ్ళెం జారి పిల్ల వెనక్కి పడింది. నేల మీద కాబట్టి మోచెయ్యి గీరుకుపోయి ఊరుకుంది. అంత ఎత్తు స్టేజీ మీంచి పడితే? తలకి తగిలితే?

“ఏవండీ, మీరైనా చెప్పండి.”

బుల్లిరాజు చెప్పులేసుకుంటున్నాడు. “ఏం చెప్పాలి? పడకుండా నడక నేర్చుకున్నవాళ్ళు ఎవరున్నారు? నీ భయం తీసుకెళ్ళి దాని కాళ్ళకి చుట్టకు.”

అని బయటికి నడిచాడు. పిల్ల పళ్ళెం ఎక్కినప్పుడల్లా ఆయనకి బయటేదో పని గుర్తొస్తుంది. మగాళ్ళకేం, రాతిగుండెలు అనుకుంది చంద్రకళ.

“ఎక్కడికండీ?”

“గూడెం వెళ్ళి టార్పాలిన్ బరకాలు అద్దెకి తెస్తాను.”

“ఇంత ఎండలో బరకాలెందుకు?”

“ధాన్యం రోడ్డు మీద పోసుకున్నవాడు ఆకాశాన్ని నమ్మకూడదు. సాల్మన్‌కి కూడా చెప్పాను, రాశి కప్పుకోమని. నవ్వాడు.”

దాళ్వా వరి కోతలైపోయి ఊరి రోడ్డు పొడుగునా ధాన్యం ఆరుతోంది. వీళ్ళ రాశి పక్కనే సాల్మన్ రాశి. సాల్మన్ వీళ్ళ పొలమే కొంత కౌలుకి చేస్తాడు.

ఆయన బండి మలుపు తిరగ్గానే చంద్రకళ దేవుడి గూటి ముందు నిలబడింది. “తల్లీ, ఒక్క జల్లు. ఏలూరు మీద మాత్రమే. మా వైపు వద్దు, ధాన్యం ఉంది. ప్రోగ్రాం ఆగిపోతే చాలు, నీకు చీర పెడతాను.”

మధ్యాహ్నం అన్నాలు తిని కారు మాట్లాడుకునే వేళకి పడమటి నుంచి మబ్బు లేచింది. ముందు గాలి, వెనకే వాన. ఏలూరు నుంచి ఫోనొచ్చింది. షామియానా ఎగిరిపోయింది, ప్రోగ్రాం లేదు. ఉషశ్రీ పళ్ళెం మంచం కిందకి తోసేసి గోడవైపు తిరిగి పడుకుంది.

చంద్రకళ గుండెల మీంచి బండ దిగినట్టయింది. అది కాసేపే. చూరు నీళ్ళ చప్పుడు వింటుంటే రోడ్డు గుర్తొచ్చింది. నెత్తిన కొంగేసుకుని పరిగెత్తింది. ఏలూరు మీద అన్నాను కదా తల్లీ, అనుకుంటూనే పరిగెత్తింది.

వాళ్ళ రాశి బరకాల కింద పదిలంగా ఉంది. సాల్మన్ రాశి అడుగు నుంచి నీళ్ళు గింజల్ని ఈడ్చుకుంటూ కాలవలోకి పోతున్నాయి. సాల్మన్, అతని పెళ్ళాం మార్తమ్మ ఎరువుల సంచులు కప్పుతున్నారు, గాలి లేపేస్తోంది. బుల్లిరాజు తన రాశి మీది బరకం లాగి వాళ్ళ రాశి మీద పరుస్తున్నాడు.

“చెప్పాను కదయ్యా, కప్పుకోమని.”

“ఎండ పేలిపోతంటే కప్పబుద్ధి కాలేదండి,” అన్నాడు సాల్మన్. “గాలాడక ముక్కిపోద్దనుకున్నానండి.”

తెల్లవారేసరికి ఎండ ఏమీ ఎరగనట్టు కాసింది. చంద్రకళ టీ పట్టుకెళ్ళేసరికి సాల్మన్ లారీ కోసం మిల్లుకి వెళ్ళాడు. బుల్లిరాజు సాల్మన్ ధాన్యాన్ని తన బరకాల మీద పరిచి తిరగబోస్తున్నాడు. తన రాశి ముట్టుకోనేలేదు. దూరంగా మార్తమ్మ కాలవలో గింజలు చేటతో దేవుతోంది.

“మీ ఆయన దేవుడండి చంద్రమ్మగారూ,” అంది టీ అందుకుని. “ఈసారి కౌలు బస్తాలు వద్దన్నారు. మా ఆయన ఏడిచేశాడండి.” ఒక గింజ గిల్లి చూసింది. మొలక మొదలైంది. “వాన రాకూడదని అందరం ప్రార్థన చేశామండి. మాకంటే గట్టిగా ఎవరడిగారో మరి.”

చంద్రకళ ఫ్లాస్కు మూత బిగించింది. ఆ గింజల వైపు చూడలేక మొగుడి దగ్గరికొచ్చింది.

“ప్రోగ్రాం వచ్చే ఆదివారానికి మార్చారటండి. అమ్మాయి చెప్పమంది.”

“మంచిదే,” అన్నాడు బుల్లిరాజు తలెత్తకుండా.

“ఏవండీ, మీతో ఒక మాట చెప్పాలి. తిట్టండి, కొట్టండి, పడతాను. ఈ వాన నేనే తెచ్చానండి.”

ఆయన ధాన్యం తిరగబోయడం ఆపాడు.

“పిల్ల పడిపోతుందని భయమేసింది. వాన పడాలని అమ్మవారికి మొక్కుకున్నాను. ఏలూరు మీదే అని చెప్పానండి, ఆవిడ వినలేదు. మీరు దేవుడిలా వాళ్ళకి చాకిరీ చేస్తుంటే నాకు ముద్ద దిగడం లేదు. వాళ్ళ నోటి దగ్గర కూడు తీసేశాను.”

బుల్లిరాజు మార్తమ్మ వైపు చూశాడు. వినపడేంత దగ్గర్లో లేదు.

“ఎప్పుడు మొక్కావు?”

“నిన్న పొద్దున. మీరు బరకాలకి వెళ్ళాక.”

“అమ్మాయికి చెప్పకు. సాల్మన్‌కీ చెప్పకు.”

“చెప్పనండి. నా పాపం నేనే మోస్తాను.”

ఆయన మళ్ళీ వంగాడు. తడి ధాన్యం రెండు దోసిళ్ళు తీసి పొడిచోట పోశాడు. చేతులు పంచెకి తుడుచుకున్నాడు గానీ, ఆవిడ మొహం చూడలేదు.

“నేను మొన్న రాత్రే మొక్కాను.”