పాల జిగురు

"ఊడిపోతుందమ్మాయ్."

గుమ్మంలోంచి వినిపించిన మాటకి ఆమె తలెత్తింది. చేతిలో బీరు సీసా, దాని మీద అప్పుడే అంటించిన లేబులు, వేళ్ళ నిండా జిగురు.

ఎవరో పెద్దాయన. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"ఏం కావాలండీ?"

"నాకేమీ వద్దు. ఆ లేబులు ఊడిపోతుందని చెబుతున్నా."

ఆమెకి ఒళ్ళు మండింది. మండదూ మరి! కిందటి నెల ఓ పెళ్ళివారికి వధూవరుల ఫొటోలేసి రెండొందల సీసాలు చేసిచ్చింది. విందులో వాటిని ఐసు తొట్టెల్లో పెట్టారు. అరగంటకల్లా లేబుళ్ళన్నీ నీళ్ళలో తేలాయి. పెళ్ళికొడుకు మొహం ఎవరి మోచేతికో అంటుకుని హాలంతా తిరిగొచ్చింది. ఊరు ఊరంతా నవ్వింది.

అయినా ఆమె షాపు మూయలేదు. అత్తగారు ఊరికే 'మొండిఘటం' అని పేరు పెట్టలేదు.

రేపు పదింటికి బీరు ఫ్యాక్టరీలో పరీక్ష. పన్నెండేసి సీసాలు తీసుకెళ్ళాలి. పెళ్ళిళ్ళకీ, పుట్టినరోజులకీ పేర్లేసిన సీసాలు ఇకమీదట ఎవరు చెయ్యాలో మేనేజరు తేలుస్తాడు. బరిలో ఇద్దరే. ఒకరు తను. రెండోది వంతెన అవతలి పాత షాపు. ఎవరో ముసలాయన ముప్పై ఏళ్ళుగా ఒక్కడే నడుపుతున్నాడట. ఈ పని కూడా చెయ్యి జారితే ఆమె షట్టరు దించెయ్యడమే.

"పాత షాపువాళ్ళు పంపారా మిమ్మల్ని?" అనుమానంగా అడిగింది.

"నన్నెవరూ పంపలేదమ్మా. ఓ బకెట్లో ఐసు నీళ్ళు తీసుకురా, తెలుస్తుంది."

తెచ్చింది, ఆయన నోరు మూయించడానికే. జిగురు ఆరిన సీసా ఒకటి తీసి ముంచింది. పావుగంటకి లేబులు మెల్లగా జారి పైకి తేలింది.

మూల కూర్చుని లేబుళ్ళ అంచులు కత్తిరిస్తున్న అత్తగారు, "అయ్యో రాత!" అని కత్తెర కింద పెట్టేసింది.

"ఇంట్లో పాలున్నాయా?" అన్నాడాయన.

"టీ తాగుతారా?"

"టీకి కాదు, జిగురుకి."

పాలు కాయించాడు. వెనిగరు పోసి విరగ్గొట్టించాడు. "నిక్షేపంలాంటి పాలు!" అని అత్తగారు లబలబలాడినా వినలేదు. విరిగిన పాలు గుడ్డలో వడగట్టి, ఆ ముద్దని మూడుసార్లు కడిగి, గోటి మీద పట్టేంత సున్నం వేసి మెత్తగా మెదపమన్నాడు. కాసేపటికి గిన్నెలో చిక్కటి తెల్ల జిగురు తయారైంది.

"ఇది ఐసు నీళ్ళకి లొంగదు. వేడినీళ్ళకే లొంగుతుంది. తర్వాత ఖాళీ సీసాలు కడిగేవాళ్ళకీ సుఖం."

ఆమె ఆత్రంగా ఓ సీసా అందుకుంది.

"ఆగు. కొత్త సీసాకి కంటికి కనపడని జిడ్డుంటుంది. సోడా ఉప్పు నీళ్ళతో కడిగి తుడువు."

కడిగింది. తుడిచింది. అంటించింది.

"తియ్యి. పక్కన అచ్చు అతుకు గీత ఉబ్బెత్తుగా ఉంది చూశావా? లేబులు దాని మీదికెక్కితే గాలి దూరుతుంది. మళ్ళీ."

మళ్ళీ అంటించింది.

"తియ్యి. అంచుల నుంచి కాదు, మధ్యలోంచి బయటికి నొక్కు. మళ్ళీ."

తొమ్మిదోసారికి ఆమె ఓపిక చచ్చిపోయింది.

"ఒక్కటంటే ఒక్కటి మీరు అంటించి చూపించొచ్చుగా! చేతులు కట్టుకుని సలహాలివ్వడం ఎవరికైనా తేలికే!"

ఆయన నవ్వాడు. "నేనంటిస్తే నీకెలా వస్తుందమ్మా? మళ్ళీ."

ఆమె పళ్ళ బిగువున మళ్ళీ మొదలుపెట్టింది. అంటిస్తూనే అలమార మీది పాత సీసా వైపు గడ్డంతో చూపించింది.

"అది పాత షాపు సీసా. రెండేళ్ళయినా అంచు కూడా లేవలేదు. రోజూ దాన్ని చూసి పళ్ళు నూరుకుంటాను. ఆ ముసలాయన మొహం ఇంతవరకూ చూడలేదు గానీ, రేపు ఓడించి తీరతాను."

"ఓడించు," అన్నాడాయన. "గట్టిగా ఓడించు."

సాయంత్రానికి పన్నెండు సీసాలూ పెట్టెలో నిలబడ్డాయి. అత్తగారు పాల్లేని టీ తెచ్చి ఆయనకి అందించబోయింది.

"అక్కడ పెట్టండమ్మా, చల్లారనీ."

ఆమె పెట్టెకి తాడు కట్టి తలెత్తేసరికి ఆయన లేడు. టీ అలాగే ఉంది.

"పాలు పోయలేదని అలిగాడేమో!" అంది అత్తగారు.

మర్నాడు ఫ్యాక్టరీలో ఆమె సీసాలు గంటసేపు ఐసు తొట్టిలో నానాయి. ఆ గంటా ఆమె కూర్చోలేదు. మేనేజరు ఒక్కో సీసా తీసి, బొటనవేలితో లేబులు రుద్ది చూశాడు. పన్నెండింటిలో ఒక్కటీ కదల్లేదు.

"పని మీదేనమ్మా."

ఆమెకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. చుట్టూ చూసింది.

"మరి పాత షాపాయన సీసాలేవీ?"

"నిన్న సాయంత్రం వచ్చి తప్పుకుంటున్నానని చెప్పాడు. ఐసు తొట్టి మాత్రం మానొద్దన్నాడు, 'ఈ పని ఆ అమ్మాయిని గెలిచే తీసుకోనివ్వండి' అన్నాడు. పొద్దున్నే షాపుకి తాళం వేసి కూతురి ఊరెళ్ళిపోయాడు."

"నేనెలా తెలుసు ఆయనకి?"

"ఏమో మరి." మేనేజరు సీసా తుడిచి పెట్టెలో పెట్టాడు. "ఆర్నెల్లుగా ఆయన చేతులు ఒకటే వణుకు, టీ గ్లాసు కూడా పట్టుకోలేడు, ఎవరి కంటా పడకుండా ఎప్పుడూ వెనక్కి కట్టుకునే తిరుగుతాడు."